సెయింట్ పాల్స్ ఎచింగ్ కొనేముందు: సంతకం చివర్లో చూడండి

లండన్‌లో పాత సామాన్ల సంతకు వెళ్లినా, చారిటీ షాపులో దూరినా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ వేలాలు చూసినా ఒక బొమ్మ తరచూ ఎదురవుతుంది. కింద కిక్కిరిసిన వీధి, బస్సులు, గొడుగులు, దుకాణాల బోర్డులు. పైన పొగమంచులో సెయింట్ పాల్స్ కేథడ్రల్ గుమ్మటం. కింది మూలన పెన్సిల్ సంతకం. పక్కనే ఒక చీటీ: "ఒరిజినల్ ఎచింగ్".

అది నిజంగా రాగిరేకు మీద ఆసిడ్‌తో గాడులు పడేలా చేసి, కాగితం మీద నొక్కి తీసిన ఎచింగేనా, లేక పత్రికలోంచి కత్తిరించిన అచ్చు కాగితమా అన్నది చాలావరకు మీరే తేల్చుకోవచ్చు. కాకపోతే చూసే వరస మార్చాలి. అమ్మేవాళ్లు ముందు సంతకం చూపిస్తారు, తర్వాత ధర చెప్తారు. మీరు ముందు కాగితం మీద ఒత్తిడి గుర్తు, తర్వాత గీత, తర్వాత బొమ్మలోని వీధి, ఆ తర్వాత కాగితం చూడండి. సంతకం వంతు వాటి తర్వాతే.

ఇన్ని సెయింట్ పాల్స్‌లు ఎందుకున్నాయంటే, 1880ల నుంచి 1929 దాకా బ్రిటన్‌లో ఎచింగ్ అంటే జనానికి మహా మోజు. పెయింటింగ్ కొనలేని మధ్యతరగతి ఇళ్లు గోడకో ఎచింగ్ తగిలించుకునేవి. కేథడ్రల్ బొమ్మలకు గిరాకీ ఎక్కువ. ఆక్సెల్ హేగ్, హెడ్లీ ఫిట్టన్ లాంటివాళ్లకు వాటితోనే పేరొచ్చింది. వాళ్ల వెనక పేరు తెలియనివాళ్లు చాలామంది అదే గుమ్మటాన్ని గీశారు. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలాక ఈ ఎచింగ్ మార్కెట్టూ కూలిపోయింది. కాబట్టి అసలైన ఎచింగ్ అయినంత మాత్రాన లక్షలు పలుకుతుందని ఆశపడొద్దు. మంచి పనితనం ఉన్నది కూడా అందుబాటు ధరకే దొరుకుతుంది. నష్టపోయేదల్లా ఫోటో అచ్చును ఎచింగ్ ధరకు కొన్నప్పుడే.

కావలసినవి

కంసాలులు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి. ఫోన్ టార్చి. మిల్లీమీటర్లున్న స్కేలు. నోట్లు చెక్ చేసే చిన్న యువి లైటు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తెల్ల గుడ్డ గ్లవ్స్ అక్కర్లేదు, వాటితో కాగితం పట్టు దొరక్క అంచులు చిరుగుతాయి.

1. ఫ్రేములోంచి తీయండి

అద్దం వెనక ఉన్న బొమ్మ గురించి ఎవరూ గట్టిగా ఏమీ చెప్పలేరు. మీ సొంతమైతే ఫ్రేమును మెత్తటి దుప్పటి మీద బోర్లించి వెనక మేకులు ఒక్కొక్కటిగా వంచండి. వెనక పాత దుకాణం లేబులు గానీ, చేత్తో రాసిన అంకెలు గానీ ఉంటే ముందు ఫోటో తీసుకోండి. చింపి పారేయొద్దు, రేపు ఆ బొమ్మ చరిత్ర చెప్పేది అదే. కాగితం అద్దానికి అతుక్కుపోయినట్టు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. లాగితే ఇంక్ అద్దంతోనే వచ్చేస్తుంది. అది కాగితాలు బాగుచేసే కన్జర్వేటర్ చేయాల్సిన పని.

2. ప్లేట్ మార్కు వెతకండి

ఎచింగ్ పని ఇలా సాగుతుంది. రాగిరేకు మీద మైనపు పూత పూస్తారు. సూదితో ఆ పూతను గీస్తూ బొమ్మ వేస్తారు. రేకును ఆసిడ్‌లో పెడితే గీసినచోట మాత్రం ఆసిడ్ రాగిని తినేసి గాడి పడుతుంది. పూత తీసేసి, గాడుల్లో ఇంక్ నింపి, పైనున్నది తుడిచేసి, తడిపిన కాగితం పరిచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. కాగితం గాడుల్లోకి దిగి ఇంక్‌ను పైకి తెస్తుంది.

ఆ నొక్కుడుకు రేకు అంచు కాగితంలో దిగబడి, బొమ్మ చుట్టూ చతురస్రంగా ఒక పల్లం మిగులుతుంది. అదే ప్లేట్ మార్కు. గది లైటు ఆర్పి, టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పక్కనుంచి పట్టుకుంటే మెట్టులాగా కనిపిస్తుంది. కాగితం కోయకుండా ఉండటానికి రేకు అంచుల్ని ఏటవాలుగా అరగదీస్తారు కాబట్టి ఆ మెట్టు కూడా కొంచెం వాలుగా ఉంటుంది, మూలలు కాస్త గుండ్రంగా ఉంటాయి. అంచు వెంబడి సరిగ్గా తుడవని ఇంక్ సన్నటి మరకగా మిగలడం కూడా మామూలే.

ప్లేట్ మార్కు లేదంటే రెండు కారణాలు: అది ఎచింగ్ కాకపోవచ్చు, లేదా ఎవరో అంచులు కత్తిరించి ఉండొచ్చు. ఉంది కదా అని సంబరపడకండి. మామూలు అచ్చు బొమ్మకు కూడా తర్వాత విడిగా నొక్కి ఉత్తుత్తి ప్లేట్ మార్కు వేసే అలవాటుంది. అందుకే తర్వాతి మెట్టు ముఖ్యం.

3. గీతను భూతద్దంలో చూడండి

ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి, మిగతావాటిలో తొందరపడినా ఫర్వాలేదు.

ముందు చుక్కలున్నాయేమో చూడండి. గుమ్మటం నీడ భాగం మీద భూతద్దం పెడితే వరసల్లో పేర్చినట్టు సమానమైన చుక్కలు కనిపించాయా, అది ఫోటో తీసి అచ్చేసిన కాగితం. ఇక చూడాల్సిందేమీ లేదు, వచ్చిన దారినే వెళ్లండి.

చుక్కలు లేకుండా నిండైన నల్లటి గీతలుంటే టార్చి మళ్లీ పక్కనుంచి వేయండి. ముదురు గీతల దగ్గర ఇంక్ కాగితం మీద ఉబ్బి, పెళ్లికార్డు మీది ఉబ్బెత్తు అక్షరాల్లా కనిపించాలి. ఉత్తుత్తి ప్లేట్ మార్కు దొరికిపోయేది ఇక్కడే: చుట్టూ పల్లం ఉంటుంది, లోపల ఇంక్ మాత్రం చదునుగా ఉంటుంది.

ఇప్పుడు గీత చివర చూడండి. ఎచింగ్ గీత మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే మందంలో నడిచి, మొద్దుగా ఆగిపోతుంది. ఆసిడ్ తిన్న అంచు కాబట్టి కాస్త గరుకుగా ఉంటుంది. ఉలితో లోహాన్ని చెక్కే ఎన్‌గ్రేవింగ్‌లో గీత మధ్యలో ఉబ్బి రెండు చివర్లా సూదిలా సన్నబడుతుంది. 1820ల తర్వాత ఉక్కురేకుల మీద చెక్కి పుస్తకాల్లో వేసిన లండన్ దృశ్యాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఆకాశమంతా యంత్రం గీసినట్టు సమానమైన సన్న గీతలు, కింద అచ్చక్షరాల్లో శీర్షిక, ప్రచురణకర్త పేరు ఉంటే మీ చేతిలో ఉన్నది చాలావరకు ఆ బాపతే. అది అబద్ధపు సరుకు కాదు, కాకపోతే ఎచింగ్ అని అమ్మితే తప్పు.

గీత పక్కన మఖమల్ లాంటి మెత్తటి నల్ల మసక కనిపిస్తే అది డ్రైపాయింట్. ఆసిడ్ లేకుండా సూదితో నేరుగా రాగిని గీకినప్పుడు లేచిన పొట్టు ఇంక్‌ను పట్టుకుంటుంది. ప్రెస్ కింద పడేకొద్దీ ఆ పొట్టు అణిగిపోతుంది కాబట్టి బాగా మసక ఉన్నది ముందుగా తీసిన ప్రతి అనుకోవచ్చు. నీటిరంగు వాష్‌లాంటి బూడిదరంగు ఉండి, భూతద్దంలో చిన్న చిన్న తెల్ల మచ్చల చుట్టూ నలుపు అల్లుకుని కనిపిస్తే అది ఆక్వాటింట్. కొంచెం ఇబ్బంది పెట్టేది ఫోటోగ్రేవర్. దానికీ రాగిరేకే, ప్లేట్ మార్కూ ఉంటుంది. కానీ అందులో గీతల్లో కూడా సన్నటి ఇసుకలాంటి రేణువులు కనిపిస్తాయి, గీత అంచు పదునుగా తెగదు.

మంచి ఎచింగ్‌లో ఒక విషయం చూసి ఆనందించండి. సెయింట్ పాల్స్ గుమ్మటం గీతలు సన్నగా, లేత బూడిదరంగులో ఉంటాయి. ముందున్న బస్సు చక్రం, దుకాణం గుమ్మంలో చీకటి చిక్కటి నలుపు. రెండింటికీ వాడింది ఒకే సూది, ఒకే ఇంక్ కావచ్చు. రేకును ఆసిడ్‌లో కాసేపు ఉంచి తీసి, గుమ్మటం ఉన్న భాగాన్ని వార్నిష్ పూసి మూసేస్తారు. మళ్లీ ఆసిడ్‌లో పెడితే మిగతా వీధి ఇంకా లోతుగా తెగుతుంది. లండన్ పొగమంచు మనకు కనిపించేది ఈ ఆసిడ్ నిమిషాల తేడా వల్లే. గుమ్మటం, వీధి రెండూ ఒకే నలుపులో ఉంటే అది బద్ధకపు పని, అసలైనదే అయినా నేనైతే కొనను.

కన్ను అలవాటు పడాలంటే ఒక తప్పకుండా ఎచింగ్ అయిన బొమ్మను ముందు చూసి ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు గ్యాలరీల్లో తారసపడుతుంటాయి. ఆయన మేకలు, మనుషులు, చెట్ల గీతల దగ్గర నిలబడి ఉబ్బెత్తు ఇంక్ ఎలా ఉంటుందో చూసి రండి. రంగుల ప్రింట్ల విషయంలో చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి గుర్తుకు రావాలి. ఇంక్ చిక్కదనాల తేడాతో ఒకే రేకు మీంచి ఒకేసారి అన్ని రంగులూ తీసే పద్ధతిని పెంచి పోషించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పాత సెయింట్ పాల్స్ ఎచింగ్‌ల సంగతి వేరు. వాటిలో రంగులుంటే చాలాసార్లు తర్వాత ఎవరో బ్రష్‌తో పూసినవే. రంగు గీత దాటి బయటికి పోయిందేమో చూస్తే తెలిసిపోతుంది.

4. కుడి ఎడమలు సరిచూడండి

రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. జాగ్రత్తపరులు ముందే తిప్పి గీస్తారు. కొందరు పట్టించుకోరు. పేరున్న ఎచింగ్ కళాకారుడు విస్లర్ వీధిలోనే కూర్చుని చూసింది చూసినట్టు రేకు మీద గీసేవాడు, అందుకే ఆయన వెనిస్ దృశ్యాలు చాలావరకు తిరగబడి ఉంటాయి.

సెయింట్ పాల్స్ విషయంలో ఇది పట్టుకోవడం తేలిక. ఫ్లీట్ స్ట్రీట్ వైపు నుంచి లడ్‌గేట్ హిల్ అనే వీధి ఎక్కుతూ చూస్తే మీరు తూర్పుకు తిరిగి ఉంటారు. కేథడ్రల్ ముందున్న రెండు గోపురాల్లో గడియారం ఉన్నది నైరుతి గోపురానికి, అంటే మీ కుడివైపు దానికి. ఎడమ గోపురానికి గడియారం లేదు. అలాగే సెయింట్ మార్టిన్ చర్చి సన్నటి నల్ల శిఖరం వీధికి ఎడమ పక్కన గుమ్మటానికి ముందు నిలబడాలి. థేమ్స్ నది అవతలి ఒడ్డు నుంచి గీసిన బొమ్మైతే ఆ రెండు గోపురాలూ గుమ్మటానికి ఎడమవైపు రావాలి.

ఇవి తారుమారైతే బొమ్మ దొంగదని కాదు. కళాకారుడు తిప్పలేదని అర్థం, అంతే. అయితే ఒకే బొమ్మ మ్యూజియంలో ఒకవైపు, మీ చేతిలో రెండోవైపు చూస్తుంటే మీది మరెవరో చూసి కాపీ కొట్టింది కావచ్చు. ప్రింట్ చూసి రేకు మీద మళ్లీ గీస్తే దిక్కు మారిపోతుంది.

5. వీధిని బట్టి కాలం లెక్కకట్టండి

గుమ్మటం లేకుండా మధ్యలో చతురస్రపు స్తంభంలాంటి బురుజు, పొడుగాటి గోతిక్ కట్టడం ఉంటే అది పాత సెయింట్ పాల్స్. దాని శిఖరం 1561లో పిడుగుపడి కాలిపోయింది, మిగిలింది 1666 అగ్నిప్రమాదంలో పోయింది. ప్రాగ్‌లో పుట్టిన వెన్సెస్లాస్ హోలర్ ఆ పాత కేథడ్రల్‌ను లోపలా బయటా గీసిన ఎచింగ్‌లు 1658లో పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడున్న గుమ్మటం క్రిస్టఫర్ రెన్‌ది, 1675లో మొదలై 1710కి పూర్తయింది.

ఆ తర్వాతి కాలానికి వీధే క్యాలెండర్. కేథడ్రల్ ముందు ఆన్ రాణి విగ్రహం ఉంటే ఆ దృశ్యం 1712కు ముందుది కాదు. లడ్‌గేట్ హిల్‌కు అడ్డంగా రైలు వంతెన, దాని మీద పొగ వదులుతూ రైలు, వెనక గుమ్మటం: చాలామంది ఎచింగ్ కళాకారులకు ఇష్టమైన కోణమిది. ఆ వంతెన 1865 నాటికి వచ్చింది, 1990లో తీసేశారు. గుర్రపు బస్సులు మాత్రమే కనిపిస్తే ఆ దృశ్యం దాదాపు 1910కి ముందుది. లండన్ జనరల్ కంపెనీ తన చివరి గుర్రపు బస్సును 1911లో ఆపేసింది. పైకప్పు లేని మోటారు బస్సులైతే 1910 నుంచి 1920ల వరకు. కేథడ్రల్ చుట్టూ కూలిన గోడలు, ఖాళీ జాగాలు ఉంటే 1940 డిసెంబర్ 29 రాత్రి బాంబుదాడి తర్వాతది. నది మీద సన్నటి నడక వంతెన ఉంటే 2000 తర్వాతది.

ఒక్కటే షరతు. ఇవన్నీ దృశ్యం ఎప్పటిదో చెప్తాయి, ప్రింట్ ఎప్పటిదో కాదు. 1905లో గీసిన రేకు నుంచి 1970లో కూడా ప్రింట్ తీయొచ్చు.

6. కాగితం

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. దగ్గర దగ్గరగా సమాంతర గీతలు కనిపిస్తే లెయిడ్ కాగితం, ఏమీ లేకుండా నున్నగా ఉంటే వోవ్ కాగితం. వోవ్ రకం ఇంగ్లండ్‌లో 1757 ప్రాంతంలో మొదలైంది. హోలర్ బొమ్మ వోవ్ కాగితం మీద ఉందంటే అది హోలర్ బతికుండగా తీసింది కాదు. ఈ లెక్కను తిరగేసి వాడకండి. లెయిడ్ కాగితం ఇప్పటికీ తయారవుతోంది కాబట్టి గీతలున్నంత మాత్రాన పాతది కాదు. వాటర్‌మార్కు ఉంటే ఫోటో తీసుకోండి, వాట్‌మన్ కాగితాల్లో కొన్నిటికి సంవత్సరం కూడా ఉంటుంది.

చీకటి గదిలో యువి లైటు వేయండి. కాగితం నీలంగా, తెల్లగా మెరిసిపోతే అందులో తెల్లదనం కోసం రసాయనం కలిపారని, సుమారు 1950 తర్వాతి కాగితమని అర్థం. మెరవకపోతే మాత్రం ఏమీ తేలదు.

7. ఇప్పుడు సంతకం

రేకులోనే గీసిన సంతకం వేరు, ప్రింట్ తీశాక అంచు మీద పెన్సిల్‌తో పెట్టింది వేరు. రెండో అలవాటు విస్లర్, సేమూర్ హేడన్‌ల కాలంలో, 1880ల్లో ఊపందుకుంది. కాబట్టి 1800 నాటి బొమ్మకు పెన్సిల్ సంతకం లేదని బాధపడక్కర్లేదు, ఉంటేనే అనుమానించాలి.

భూతద్దంలో పెన్సిల్ గీత బూడిదరంగులో మెరుస్తుంది, కాగితపు పోగుల మీద తెగి తెగి ఉంటుంది. అచ్చైన సంతకంలో ఆ మెరుపు ఉండదు. ఇక పెద్ద మోసం ఏమిటంటే, సంతకం నిజమైనదే, బొమ్మ మాత్రం ఆఫ్‌సెట్ అచ్చు. కళాకారుడే తన బొమ్మ ఫోటో కాపీల మీద సంతకాలు పెట్టి నంబర్లు వేసి అమ్మిన సందర్భాలున్నాయి. ముందే సంతకం చూసి మురిసిపోయినవాళ్లు చుక్కల కోసం వెతకరు.

12/75 అని ఉంటే 75 ప్రతుల్లో పన్నెండోది. చిన్న నంబరైతే గొప్పదని అమ్మేవాళ్లు ఊరిస్తారు. రాగిరేకుకు ఉక్కు పూత వేస్తే వేల ప్రతులు ఒకేలా వస్తాయి, పైగా నంబర్లు వేసే వరస, ప్రింట్ తీసిన వరస ఒకటే కానక్కర్లేదు. ఆ వంకతో ఎక్కువ ధర ఇవ్వకండి.

8. మ్యూజియం ప్రతితో పోల్చండి, అమ్మేవాళ్లను అడగండి

బ్రిటిష్ మ్యూజియం, వి అండ్ ఎ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం), లండన్ పిక్చర్ ఆర్కైవ్ సైట్లలో లండన్ ప్రింట్ల బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. హోలర్‌కైతే టొరంటో విశ్వవిద్యాలయం ఫిషర్ లైబ్రరీ సేకరణ ఉంది. ప్లేట్ మార్కును మిల్లీమీటర్లలో కొలవండి, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. తడి కాగితం ఆరితే కుంచించుకుంటుంది కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. సెంటీమీటరు తేడా వస్తే అది వేరే రేకు.

ఆన్‌లైన్‌లో కొంటుంటే నాలుగు ఫోటోలు అడగండి: పక్క వెలుతురులో ప్లేట్ మార్కు మూల, సంతకం దగ్గరగా, కాగితం వెనకవైపు, స్కేలు పెట్టి తీసిన మొత్తం బొమ్మ. మొహమాటపడొద్దు, నిజమైన ప్రింట్ల వ్యాపారికి ఈ ప్రశ్నలు రోజూ ఉండేవే. "ఫ్రేము విప్పడం కుదరదు" అన్నారంటే ఫ్రేముకు తగ్గ ధర ఇవ్వండి, బొమ్మకు కాదు.

9. ఇంటికి తెచ్చాక

మన ఊళ్లో ఫ్రేములు కట్టేవాళ్లకు దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు అలవాటు. వెనక జిగురు రాసి హార్డ్‌బోర్డుకు అతికించి, ఫ్రేముకు పట్టేలా అంచులు కోసి, అద్దం ఆనించి బిగిస్తారు. ఎచింగ్‌కు ఈ మూడూ ప్రాణాంతకమే. అంచు కోస్తే సగం విలువ అక్కడే పోతుంది. కాబట్టి "అతికించొద్దు, కోయొద్దు, లామినేషన్ వద్దు" అని ముందే గట్టిగా చెప్పి, వీలైతే దగ్గరుండి చేయించండి.

ముందూ వెనకా ఆసిడ్ లేని మౌంట్ బోర్డు వాడాలి. మామూలు అట్ట కొన్నేళ్లకు కాగితం మీద గోధుమరంగు చట్రం దిగేస్తుంది. బొమ్మను పై అంచు దగ్గర రెండు చిన్న జపనీస్ టిష్యూ ముక్కలతో వేలాడదీస్తే చాలు, అవి కూడా గోధుమ స్టార్చ్ జిగురుతో. సినిమా పోస్టర్లకు వాడే మైదా జిగురు కాదు, అది పురుగులకు విందు. సెల్లో టేపు పేరెత్తొద్దు. మౌంట్ మందం వల్ల అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉక్కకు కాగితం ఉబ్బి అద్దానికి తగులుతుంది, అప్పుడే బూజు మొదలవుతుంది.

గోధుమరంగు మచ్చలు ఇప్పటికే ఉంటే బ్లీచింగ్, రబ్బరు, బ్రెడ్ ముక్క లాంటి చిట్కాలేవీ ప్రయత్నించకండి. వాటితోనే ఉండనివ్వండి, లేదా కన్జర్వేటర్‌కు చూపించండి. ఎండ పడే గోడ, వంటింటి గోడ, బాత్రూమ్‌కు ఆనుకున్న చెమ్మ గోడ వద్దు. మ్యూజియంలు కాగితపు బొమ్మలకు 50 లక్స్ వెలుతురు చాలంటాయి. మన హాల్లో అంత మసక కుదరదు కాబట్టి కొన్ని నెలలు గోడ మీద, కొన్ని నెలలు బీరువాలో ఉంచండి. వానాకాలం మొదలవగానే ఒకసారి దించి ఫ్రేము వెనక చెదలు, సిల్వర్ ఫిష్ జాడ ఉందేమో చూసి మళ్లీ తగిలించండి.